ఇరవై ఆరు గంటలకు పుట్టిన పిల్ల

“వద్దు. ఈ ఇంట్ల నీళ్లు ముట్ట.”

పుష్పమ్మ చెంబును పక్కకు నెట్టింది. సగం నీళ్లు నేల మీద పడ్డాయి. ప్రసూన చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

పుష్పమ్మ గడప మీద కూర్చుంది. గడప మీద కూర్చోవద్దని చెప్పే మనిషి ఇప్పుడా ఇంట్లో లేదు. ప్రసూన తల్లి రుక్మిణి పోయి ఏడాది దాటింది.

“ఈశ్వరన్నా, నీ భార్య మా మానుకోటకు వస్తే నా ఇంట్లనే అన్నం తిన్నది. వదినె వదినె అనుకుంట తిరిగిన. నా బిడ్డ పుట్టిన గడియ నా నోటితోని చెప్పిన. గట్ల చెప్తే గిట్ల రాసింది. పుస్తకంల మూల అని అచ్చయింది. మూల! ఇగ నా కల్పనను ఎవలు చేస్కుంటరు?”

“నెమ్మదిగ మాట్లాడు,” అన్నాడు ఈశ్వరయ్య.

“ఎందుకు నెమ్మదిగ? చచ్చిపోయినామె వింటదా?”

తెలంగాణ కోసం సమ్మె మొదలైన నాటి నుంచి జనగామలో దుకాణాలు పూట తెరిస్తే పూట మూసేస్తున్నారు. ఈశ్వరయ్య బియ్యం కొట్టు కూడా మూసే ఉంది. చేతిలో తాళాలు ఉన్నాయి. వాటితో చేసేదేమీ లేదు.

పెళ్లీడు పిల్లల వివరాలతో వైశ్య సంఘం వాళ్లు ఒక పుస్తకం వేశారు. ఆ వివరాలన్నీ రుక్మిణి బతికుండగా ఇల్లిల్లూ తిరిగి తెచ్చినవే. కొట్లోని కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్క వేలితో ఎక్సెల్‌లో ఎక్కించినవే. నక్షత్రం అడిగితే మార్చి చెప్తారు, పుట్టిన వేళ అడిగితే మార్చరు అనేది ఆమె. అందుకే తేదీ, వేళ, ఊరు మాత్రమే రాసుకుంది. వాటిని బట్టి నక్షత్రాలు లెక్కగట్టే పని ప్రసూన చేసింది. ప్రసూన హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తల్లి ఫైలును ప్రోగ్రాముతో చదివించి, నక్షత్రాలు వేయించి, అచ్చుకు ఇచ్చింది.

రుక్మిణమ్మ లెక్క అంటే జనం నమ్మారు. కన్నవాళ్లు చెప్పిన నక్షత్రాన్ని పక్కకు పెట్టి మరీ నమ్మారు.

మూల నక్షత్రపు కోడలు వస్తే మామకు గండమంటారు. కల్పనకు అనుకున్న పెళ్లికొడుకు శ్రీకర్ తండ్రి భూపాలపల్లి దామోదర్. ఆయనకు నమ్మకాలూ ఎక్కువే, బీపీ కూడా ఎక్కువే. పోయిన వారం తాంబూలాలు ముందు పెట్టుకుని, పుస్తకం తెరిచి, పేజీ చూసి, లేచిపోయాడు. మా పిల్లది పూర్వాషాఢ అని పుష్పమ్మ ఎంత మొత్తుకున్నా అది అబద్ధం కిందే జమ అయింది.

“రుక్మిణి తప్పు రాయది,” అన్నాడు ఈశ్వరయ్య, ఎటో చూస్తూ.

“రాయదా? మరి తేదీ తప్పు కొట్టినట్టున్నదని నీ బిడ్డనే చెప్పె గద ఫోన్ల!”

ఈశ్వరయ్య తల తిప్పి కూతురిని చూశాడు.

“అన్నవా?”

ప్రసూన తల ఊపింది.

“ఎవలను అడిగి అన్నవ్?”

“పుస్తకంల ఉన్నది, అమ్మ ఫైలుల ఉన్నది ఒక్కటే తేదీ. గందుకే అన్న. ఇంకేం అనుమంటవ్?”

పుష్పమ్మకు తండ్రీకూతుళ్ల తగువుతో పని లేదు. ఆమె నేల మీద నీళ్లను చూస్తూ తన మాట తాను చెప్పుకుపోతోంది.

“నాకు యాదిలేదా? కన్నది నేను. మంగళవారం రాత్రి. కరెంటు లేదు. కందిలి పట్టుకొని మా అత్త నిలబడ్డది. నొప్పులు పడీ పడీ, రెండు దాటినంక పుట్టింది. గోడ గడియారంల జూసి మా ఆయన రెండు ఇరవై అన్నడు. గదే చెప్పిన మీ అమ్మకు.”

“మంగళవారం రాత్రి రెండు ఇరవై?” అంది ప్రసూన.

“ఆ. తెల్లారితే బుధవారం.”

ప్రసూన చేతిలోని చెంబు కింద పెట్టింది. లోపలి గదిలోకి పోయింది. తలుపు దగ్గరికి వేసుకుంది.

* * *

ఈశ్వరయ్య చాలాసేపు ఆగి, ఆ తలుపు తోశాడు. బొగ్గు బావులు కూడా సమ్మెలో ఉన్నాయి. కరెంటు ఎప్పుడు వస్తుందో దానికే తెలియదు. గది చీకటిగా ఉంది. లాప్‌టాప్ వెలుతురు కూతురి ముఖం మీద పడుతోంది. ఏడ్చిన ముఖం కాదు. ఏడుపు ఆపుకున్న ముఖం.

“ఏమయింది?”

“ఏం కాలే.”

“అయితే బయటికి రా. ఆమెకు జవాబు చెప్పు.”

“బాపూ, తలుపెయ్యి.”

ఆయన తలుపు వేయలేదు. గదిలోకి మాత్రం వచ్చాడు. ప్రసూన తెర మీద ఒక వరుస చూపించింది. కల్పన పేరు, తేదీ, తర్వాత ఒక అంకె.

“ఎక్సెల్ ఫైలు లోపల గడియారం ఉండదు. ఉత్త అంకెలే ఉంటయి. దాని లెక్కల రోజంటే ఒకటి. పట్టపగలు పన్నెండంటే సగం. మనం తెరమీద జూసే గంటలు, నిమిషాలు ఆ అంకెకు తొడిగిన అంగీ అసోంటియి.”

“నాకెందుకు గదంతా?”

“విను జర. ఈ పాత ఫైళ్లను ప్రోగ్రాముతోని చదవాలంటే ఒక లైబ్రరీ ఉంటది. ఎవలో రాసి పెట్టిన్రు, మనం వాడుకుంటం. అది ఈ అంకెను సున్నకు ఒకటికి నడుమ ఉంటేనే వేళ అనుకుంటది. కల్పనది ఒకటి దాటింది. ఒకటి, మీద ఇంకా ఇంత.” ఆమె వేలు తెరను తాకింది. “అంటే ఒక రోజు నిండి, మీద రెండు గంటల ఇరవై నిమిషాలు. అమ్మ రెండు ఇరవై అని కొట్టలే. ఇరవై ఆరు ఇరవై అని కొట్టింది.”

ఈశ్వరయ్యకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

రుక్మిణికి తెల్లవారకపోతే రోజు మారదు. అర్ధరాత్రి దాటాక మంగళవారం బుధవారం అవుతుందని ఎవరు చెప్పినా ఆమె ఒప్పుకునేది కాదు. మంగళవారం రాత్రి అంటే మంగళవారం కిందే రాస్తుంది. ఇరవై నాలుగు దాటాక ఇరవై ఐదు, ఇరవై ఆరు. ఆమె లెక్క ఆమెకు సరిపోయింది. ఎక్సెల్ కూడా అడ్డు చెప్పకుండా దాచుకుంది.

“అయితే ఆమె రాసింది సరే గద,” అన్నాడు.

“సరే.”

“మరి తప్పెక్కడ?”

“లైబ్రరీ ఆ అంకె దగ్గర ఆగిపోయింది. ఇది వేళ తీరుగ లేదని చెప్పింది. అది మంచిగనే చెప్పింది బాపూ. నేనే ఒక లైన్ రాసి, ఆ ముందున్న ఒకటిని తీసేసిన. మిగిలింది రెండు ఇరవై. మంగళవారం రెండు ఇరవై. ఒక రోజు ఎనుకకు పోయింది. ఆ వేళకు మూల ఉన్నది.”

“ఎందుకు తీసేసినవ్?”

ప్రసూన తెర వైపే చూస్తోంది.

“అమ్మకు తెల్వక కొట్టిందనుకున్న.”

బయట పుష్పమ్మ దగ్గింది. వీధిలో ఎవరో జై తెలంగాణ అని అరుస్తూ బండి మీద పోయారు.

“ఆమెను దిద్దినవన్నట్టు,” అన్నాడు ఈశ్వరయ్య.

“బాపూ...”

“ఆమె నిన్ను అడిగింది. రాత్రి పుట్టినోళ్లది ఎట్ల కొట్టాలె బిడ్డా అని నా ముంగటనే ఫోన్ల అడిగింది. మీటింగుల ఉన్న, తర్వాత చెప్త అన్నవ్. తర్వాత చెప్పలే. నీకు చెప్ప తీరలే గని, దిద్ద తీరింది.”

ప్రసూన కుర్చీలోంచి లేచింది.

“మరి నువ్వు? దుకాణంల ఆమె నీ పక్కనే గద కూసున్నది! ఏం కొడుతున్నవే అని ఒక్కనాడన్న అడిగినవా? కరెంటు బిల్లు ఎక్కువొస్తది బంజెయ్యి అనుడు తప్ప!”

అది నిజం. నిజమైనంత మాత్రాన ఈశ్వరయ్య క్షమించే మనిషి కాదు. తననైనా, ఇతరులనైనా. భార్య పోయాక ఆయన ఇంటికి వచ్చి పరామర్శించిన వాళ్లలో కూడా ఎవరెవరు ఆలస్యంగా వచ్చారో ఆయనకు గుర్తుంది.

“బయటికి పోయి చెప్పు. తప్పు నీదని చెప్పు.”

“చెప్తే ఒక్క కల్పనతోని ఆగది. రాత్రి పుట్టినోళ్లందరి నక్షత్రాలు తప్పే. ఆ పుస్తకం పట్టుకొని సంబంధాలు ఖాయం చేస్కున్నోళ్లు ఉన్నరు. లగ్గాలు అయినోళ్లు ఉన్నరు. అందరు మన మీద పడ్తరు.” ఆమె గొంతు తగ్గించింది. “ఆమె ఎట్లాగు అమ్మ తప్పు అనుకుంటున్నది. అట్లనే పోనియ్యి బాపూ. ఈ ఒక్క పిల్లది దిద్దుదాం. అమ్మకు ఏం పోతది ఇప్పుడు?”

“నాకు పోతది.”

అంతే అన్నాడు. బయటికి వచ్చి, గడప మీద మనిషితో, “లే పుష్పమ్మా. భూపాలపల్లి పోదాం,” అన్నాడు. “తప్పు నా భార్యది కాదు. ఎవలదో నా బిడ్డ తొవ్వల చెప్తది.”

* * *

బస్సులు లేవు. కొట్టుకు బియ్యం మోసే డ్రైవర్ వాల్యా టాటా ఏస్ బండి దొరికింది. ముందు డ్రైవర్ పక్కన ఆడవాళ్లిద్దరూ ఇరుక్కున్నారు. వెనక ఖాళీ గోనె సంచుల మీద ఈశ్వరయ్య కూర్చున్నాడు.

ముందుకీ వెనక్కీ మధ్య చిన్న అద్దం ఉంది. అందులోంచి రెండు తలలు కనిపిస్తున్నాయి. హనుమకొండ దాటేదాకా ఆ తలలు కదల్లేదు. పరకాల దారిలో పడ్డాక కూతురి తల పుష్పమ్మ వైపు తిరిగింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత పుష్పమ్మ తల తిరిగింది. ఏమనుకున్నారో ఆయనకు వినపడలేదు. గాలి, ఇంజను చప్పుడు, ఖాళీ సంచుల దుమ్ము.

రుక్మిణి ఉంటే ముందు సీట్లో కూర్చునేది. ఇద్దరినీ మాట్లాడించేది. అవసరమైతే ఇద్దరినీ తిట్టేది. తనకు మాత్రం వెనక సంచులే. అప్పుడైనా అంతే.

రేగొండ దగ్గర రోడ్డు ఆగిపోయింది. సమ్మెకారుల వంటా వార్పు. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద గంజులు. టెంటు కింద ఉద్యోగులు, బీడీలు చేసే ఆడవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు. మెడలో గులాబీ కండువా వేసుకున్న ఒకాయన బండి దగ్గరికి వచ్చాడు.

“ఏడికే వాల్యా? సమ్మెల కిరాయి ఏంది?”

“కిరాయి గాదన్న. పెండ్లి ముచ్చట.”

“రాష్ట్రం వచ్చినంక చేస్కోరాదుండ్రి పెండ్లి?”

“మీ రాష్ట్రం ఎప్పుడొస్తదో! పిల్ల ముసల్ది అయితది,” అంది పుష్పమ్మ లోపలి నుంచి.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తినకుండా పోనియ్యం అన్నారు. విస్తరాకుల్లో కిచిడీ పెట్టారు. పొద్దున ఈశ్వరయ్య ఇంట్లో నీళ్లు ముట్టని పుష్పమ్మ రోడ్డు మీద కూర్చుని తింది. ప్రసూన గ్లాసుతో నీళ్లు తెస్తే తీసుకుంది. తాగి, లేచి, విడిగా నిలబడి తింటున్న ఈశ్వరయ్య దగ్గరికి వచ్చింది.

“అన్నా. తెల్వక వదినెను అన్న. మనసుల పెట్టుకోకు.”

ఆయన విస్తరాకు మడిచాడు. చేయి కడుక్కున్నాడు. బండి ఎక్కి తన సంచుల మీద కూర్చున్నాడు. పుష్పమ్మ కొంచెంసేపు అక్కడే నిలబడి, ముందు సీటుకు పోయింది.

* * *

దామోదర్ కిరాణం సగం షట్టరు దించి ఉంది. బావుల్లో పని లేదు, కాలనీల్లో కొనేవాళ్లు లేరు. దుకాణం వెనకే ఇల్లు. దామోదర్ భార్య నీళ్లు తెచ్చి పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా పరదా వెనక్కి పోయింది.

ప్రసూన స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి మొత్తం చెప్పింది. తండ్రికి చెప్పినంత సాగదీయలేదు. దామోదర్ వ్యాపారి. అంకె అంటే చటుక్కున పట్టుకుంటాడు.

“అంటే పిల్ల పుట్టింది బుధవారం తెల్లారుగట్ల.”

“ఔను కాకా.”

“అప్పుడు పూర్వాషాఢనే.”

“ఔను.”

పుష్పమ్మ కళ్లు తుడుచుకుంది. దామోదర్ ఆమెను చూడలేదు. తెర మీద వరుసలను చూస్తున్నాడు. ఆయన సంఘం కార్యదర్శి. పుస్తకం వేయించింది ఆయనే. అట్ట మీద పేరుంది, లోపల ఫోటో ఉంది.

“మరి ఇట్ల ఒకటి తీసేసింది ఈ ఒక్క పిల్లకేనా?”

“కాదు కాకా. అర్ధరాత్రి దాటినంక పుట్టినోళ్లు అందరికి.”

దామోదర్ కుర్చీలో వెనక్కి వాలాడు. పరదా వైపు ఒకసారి చూశాడు. గొంతు దించాడు.

“ఈశ్వరన్నా, ఇది బయట పడితే ఏమైతదో ఎర్కేనా? పుస్తకం వాపస్ తీస్కోవాలె. ఇది జూసి లగ్గాలు చేసినోళ్లు నా ఇంటి మీదికి వస్తరు. నీ ఇంటి మీదికి వస్తరు. పెండ్లి గాని ఆడపిల్ల, రేపు ఈమెకు సంబంధం ఎవలు తెస్తరు?”

“నా సంబంధం సంగతి వద్దు కాకా,” అంది ప్రసూన.

“నువ్వాగు బిడ్డా, పెద్దోళ్లం మాట్లాడుతున్నం. ఇంకో తొవ్వ ఉన్నది. రుక్మిణమ్మ ఈ ఒక్క పిల్ల తేదీ పొరపాటున తప్పు కొట్టిందని ఒక సవరణ చీటి అచ్చేపిస్త. పుస్తకం పుస్తకం తీర్గనే ఉంటది. ఈ పిల్ల పూర్వాషాఢ అయితది. నేను మాట దప్పినోన్ని గాను. ఎల్లుండి మంచి రోజు, తాంబూలాలు మార్చుకుందాం. ఏమంటవ్ పుష్పమ్మా?”

పుష్పమ్మ ఈశ్వరయ్య వైపు తిరిగింది. రెండు చేతులూ జోడించలేదు, ఏడవలేదు. చూస్తూ ఊరుకుంది. అడిగితే కాదనడం ఈశ్వరయ్యకు సులువుగా ఉండేది.

“ఇది కాదంటే?” అన్నాడు ఆయన.

“కాదంటే ఎవలి తొవ్వ వాళ్లది. నేను పుస్తకం దిద్ద. పిల్ల మూలనే ఉంటది.”

దుకాణంలో ఈగలు ముసురుతున్నాయి. ఈశ్వరయ్యకు భార్య వేలు గుర్తుకొచ్చింది. మధ్యాహ్నాలు బేరాలు లేని వేళ, కళ్లద్దాలు ముక్కు మీదికి జారిపోతుండగా, ఒక్కొక్క మీట వెతికి నొక్కే వేలు. నొక్కి, పెదవులు కదుపుతూ మళ్లీ చదువుకునేది. మనుషులు చెప్పింది చెప్పినట్టే ఎక్కించాలని ఆమె పట్టుదల. ఆమె పోయాక మిగిలింది ఆ ఒక్క మంచి పేరే. బియ్యం కొట్టు ఆయనది. ఇల్లు ఆయనది. ఆ పేరు మాత్రం ఆమెది.

“రాయి,” అన్నాడు.

“ఏమని?”

“నా భార్య తప్పు కొట్టిందని రాయి.”

అన్నాక ఆయన లేచి, షట్టరు దగ్గరికి పోయి, వీధిలోకి తిరిగి నిలబడ్డాడు. వెనక దామోదర్ కాగితం తీసిన చప్పుడు వినిపించింది. పుష్పమ్మ ఊపిరి వదిలిన చప్పుడు కూడా వినిపించింది.

“కాదు,” అంది ప్రసూన.

ఎవరూ పట్టించుకోలేదు. ఆమె మళ్లీ అంది.

“అమ్మ తప్పు కొట్టలే. రాయకు కాకా.”

పుష్పమ్మ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. “బిడ్డా, నీ కాల్మొక్త. ఊకో. మీ నాయిననే ఒప్పుకున్నడు గద.”

“పొద్దున నువ్వే అంటివి గద,” అన్నాడు ఈశ్వరయ్య, వెనక్కి తిరగకుండానే. “అమ్మకు ఏం పోతదని.”

“అన్న. నువ్వు అంటవనుకోలే.”

ప్రసూన రెండో చేత్తో లాప్‌టాప్‌ను దామోదర్ వైపు తిప్పింది. వరుసలు కిందికి జరిపింది. ఒక దగ్గర ఆపింది.

“ఒక్క పిల్లతోని అయిపోతదంటున్నవ్ గద కాకా. ఇది జూడు. ఇది మీ శ్రీకర్ లైను. ఈడ గూడ అంకె ఒకటి దాటింది.”

దామోదర్ చేతిలో పెన్ను కాగితం మీదే ఆగింది. ఆయన తెర వైపు వంగాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు. పుష్పమ్మ చేయి ప్రసూన మణికట్టు మీద నుంచి మెల్లగా జారిపోయింది.

“పుస్తకంల వచ్చిందే వానిదని నమ్మిన. దిద్దితే నక్షత్రం మారుతదా?”

“మారుతది.”

“ఏమొస్తది?”

“నిజం చెప్పాల్నా కాకా, చీటి రాసుకుంటవా?”

షట్టరు దగ్గర ఈశ్వరయ్య వెనక్కి తిరిగాడు.

పరదా కదిలింది. దామోదర్ భార్య బయటికి రాలేదు. గొంతు ఒక్కటే వచ్చింది.

“చెప్పు బిడ్డా. ఆ రాత్రి కన్నది నేను. రుక్మిణక్కకు చెప్పింది గూడ నేనే.”